ఢిల్లీ యాత్రలో పిల్లల లెక్క వేరు: తెలుగు టూర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ, ఆగ్రా యాత్రలు నిర్వహిస్తున్న టూర్ ఆపరేటర్లందరికీ నమస్కారాలు.

నేను హనుమకొండలో సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. నాకు తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు ఉన్నారు. మేము ఇప్పటికి రెండుసార్లు ఢిల్లీ వెళ్లి వచ్చాం. మొదటిసారి వేసవి సెలవుల్లో మీలో ఒకరి ప్యాకేజీలో మా అత్తగారితో సహా వెళ్లాం. రెండోసారి, ఆ మరుసటి ఏడాది దసరా సెలవుల్లో, కార్యక్రమం మేమే వేసుకుని వెళ్లాం. ఊరు అదే, పిల్లలూ వారే. అయినా ఆ రెండు ప్రయాణాలకూ పోలికే లేదు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదటి యాత్ర కరపత్రంలో నాలుగు రోజులకు ఇరవై రెండు ప్రదేశాలు అచ్చయి ఉన్నాయి. నలభై మందిమి ఒకే బస్సు. ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే రాత్రి తొమ్మిది దాటాకే గదికి చేరేవాళ్లం. ఎర్రకోట దగ్గర నలభై నిమిషాలు ఇచ్చారు, అందులో సగం భద్రతా తనిఖీ వరుసలోనే గడిచిపోయింది. ఇండియా గేటును బస్సు కిటికీలోంచి చూపించి ఒక ప్రదేశం పూర్తయినట్టు లెక్కవేశారు. మూడో రోజు సాయంత్రం, నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న మా అబ్బాయి, అప్పటికి వాడికి ఐదేళ్లు, "అమ్మా, ఢిల్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. బస్సెక్కడం, దిగడం, ఎండలో వరుస కట్టడం, గైడు చప్పట్లు కొడితే పరుగెత్తి మళ్లీ బస్సెక్కడం, ఇవే మూడు రోజులుగా వాడికి తెలిసినవి. వీటిలో ఒక ఊరు ఉందని వాడికి తెలిసే దారి లేదు. అప్పుడు వాడికి ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

ఇందులో తప్పంతా మీదేనని నేను అనడం లేదు. డబ్బు కట్టే ముందు "మొత్తం ఎన్ని చూపిస్తారు?" అని అడిగేది మేమే. పక్క కరపత్రంలో ఇరవై ఉంటే ఇరవై రెండున్న దాన్నే ఎంచుకుంటాం. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. కాబట్టి ఈ లేఖను తల్లిదండ్రులు చదివినా నాకు సంతోషమే. అయితే ఏటా ఆ దారిలో తిరిగేవారు మీరు. ఏ గుమ్మం దగ్గర పిల్లలు ఏడుస్తారో, ఏ మలుపు దగ్గర వాంతి చేసుకుంటారో మాకంటే మీకే బాగా తెలుసు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను: పిల్లలున్న కుటుంబాల కోసం ఢిల్లీకి వేరే కార్యక్రమం వేయండి. అందులో పూటకు ఒక్క చోటు కంటే ఎక్కువ పెట్టకండి.

ముందుగా కాలం సంగతి. పిల్లల యాత్రలు ఎక్కువగా ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా సాగుతున్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద సెలవులు అవే కాబట్టి అలా జరగడం సహజం. కానీ ఆ వారాల్లో ఢిల్లీలో ఎండ నలభై ఐదు డిగ్రీలకు చేరుతుంది. లూ అని పిలిచే పొడి వడగాలి మధ్యాహ్నమంతా వీస్తుంది. మన ఎండకు అలవాటుపడ్డ పిల్లలే కదా అనుకుంటాం గానీ, మన ఊళ్లో ఆ వేళకు పిల్లలు ఇంట్లో పడుకుని ఉంటారు, అక్కడ కాలే రాతి ముంగిళ్లలో నడుస్తుంటారు. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామంటే పొగమంచు. ఉత్తరాదికి వెళ్లే రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, పైగా గణతంత్ర దినోత్సవ కవాతు సన్నాహాల వల్ల కర్తవ్య పథ్ చుట్టూ ఆంక్షలు ఉంటాయి. దీపావళి దాటితే గాలి చెడిపోయి ఉబ్బసమున్న పిల్లలకు ప్రమాదం. వీటన్నిటి నడుమ దసరా సెలవులు మాత్రం పిల్లల కోసమే అమర్చినట్టుంటాయి. వానలు వెనక్కి తగ్గి, ఎండ మెత్తబడి, చలి ఇంకా రాని రోజులవి. ఎర్రకోట ఎదుటి మైదానంలో రాత్రిపూట రామ్‌లీలా ఆడతారు. మా అమ్మాయికి హిందీ అంతగా రాకపోయినా కథంతా ముందే తెలుసు కాబట్టి పక్కవాళ్లకంటే ముందే నవ్వింది. మీ వేసవి యాత్రల్లో సగాన్నయినా దసరాకు మార్చగలిగితే, మిగతా సంగతులు సగం వాటంతటవే చక్కబడతాయి.

తర్వాత వారం సంగతి. సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది. జాతీయ మ్యూజియం, రైలు మ్యూజియం, శంకర్ బొమ్మల మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్ కూడా ఆ రోజు తెరవరు. తాజ్‌మహల్‌కు, జంతుప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఇది రహస్యమేమీ కాదు, అయినా మా మొదటి యాత్రలో సోమవారం నాడు రెండు మూసిన గేట్ల ముందు ఫొటోలు దిగి వచ్చాం. రెండోసారి సోమవారానికి కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి పెట్టుకున్నాం. అవి వారమంతా తెరిచే ఉంటాయి. రైలు దిగే రోజు ఏ వారమో చూసి కార్యక్రమం వేయడానికి మీకు ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, చూపించే తీరు. జాతీయ మ్యూజియం చాలా ప్యాకేజీల్లో కనిపించదు, కనిపించినా అరగంట దాటదు. అక్కడి హరప్పా గదిలో మొహంజొదారో నాట్యగత్తె విగ్రహం ఉంది. నేను పదేళ్లుగా తరగతిలో పుస్తకంలోని బొమ్మను చూపించి పాఠం చెబుతున్నాను, మా అమ్మాయి కూడా ఆ బొమ్మ చూసింది. అద్దం వెనుక అసలు విగ్రహం దగ్గరకు వెళ్లి, తన జేబులో పట్టేంత ఉందని తెలిసి నోరు తెరిచి నిలబడిపోయింది. దాని ఎత్తు 10.5 సెంటీమీటర్లు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ చిన్న కంచు పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకున్న తీరును అమ్మాయి అక్కడే అనుకరించి చూసుకుంది, చేతి గాజులు లెక్కపెట్టింది, ఒక చేతికే అన్ని గాజులెందుకని అడిగింది. మరో గదిలో నాగార్జునకొండ శిల్పాలున్నాయి. సాగర్ జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన లోయలోంచి తవ్వి తీసిన రాళ్లవి. కృష్ణ ఒడ్డున చెక్కిన రాయి ఇంత దూరం ఎందుకొచ్చిందని ఆ రాత్రి అత్తగారు, మనవరాలు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈ రెండు గదులకూ కలిపి మాకు రెండు గంటలు పట్టింది. మిగతా గదులు చూడలేదు. చూడనందుకు నాకు బాధ లేదు.

చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం ఉంది, 1977లో తెరిచారు. ఆరేళ్ల పిల్లవాడికి ఢిల్లీలో ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ఆరుబయట పాత ఆవిరి ఇంజన్లు వరుసగా నిలబడి ఉంటాయి, చుట్టూ తిరగడానికి చిన్న రైలు ఉంది. పటియాలా సంస్థానంలో వందేళ్ల కిందట నడిచిన ఒంటిపట్టా రైలు కూడా అక్కడే ఉంది. దాదాపు బరువంతా ఒకే పట్టా మీద మోపి, పక్కకు ఒరగకుండా ఒక పెద్ద చక్రాన్ని రోడ్డు మీద నడిపించేవారు. అది ఎందుకు పడిపోదో మా వాడికి చెప్పడానికి వాళ్ల నాన్న నేల మీద గీతలు గీయాల్సి వచ్చింది. శంకర్ బొమ్మల మ్యూజియం బహదూర్ షా జఫర్ మార్గ్‌లో ఉంది. కార్టూనిస్టు శంకర్ దాన్ని 1965లో నెలకొల్పారు. పలు దేశాల బొమ్మలు వాళ్ల వాళ్ల బట్టల్లో అద్దాల అరల్లో నిలబడి ఉంటాయి. పెద్దవాళ్లకు అక్కడ గంట చాలు, అమ్మాయిని బయటికి తీసుకురావడానికి మాత్రం రెండు గంటలైంది. ఈ రెండూ మొదటి యాత్ర కరపత్రంలోని ఇరవై రెండింటిలో లేవు. పిల్లల కోసం కట్టినవే పిల్లల యాత్రలో లేకపోవడం గురించి మీరు ఒక్కసారి ఆలోచించాలని వేడుకుంటున్నాను.

కుతుబ్ మీనార్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దాని ఎత్తు 72.5 మీటర్లు, లోపల 379 మెట్లు ఉన్నాయి. పైకి ఎందుకు ఎక్కనివ్వరని ప్రతి పిల్లవాడూ అడుగుతాడు, గైడు "రూల్" అని చెప్పి ముందుకు నడుస్తాడు. 1981 డిసెంబర్ 4న లోపలి మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నప్పుడు దీపాలు ఆరిపోయి తొక్కిసలాట జరిగింది. 45 మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది విహారయాత్రకు వచ్చిన బడి పిల్లలు. అప్పటి నుంచి ఆ మెట్ల దారి సందర్శకులకు మూసేశారు. ఈ సంగతిని నేను నా కూతురికి నెమ్మదిగా, భయం కలగకుండా చెప్పాను. మీకు ఇంకో ఉద్దేశంతో చెబుతున్నాను. పిల్లల గుంపును ఇరుకు చోటికి తీసుకువెళ్లే బాధ్యత ఎంత పెద్దదో ఆ రాతి గోపురమే చెబుతుంది. నలభై మందికి ఒక్క గైడును పెట్టి, ఆలస్యమవుతోందని తొందరపెట్టడం ఎంత మాత్రం సరికాదు. ఆ ఆవరణలోనే ఇనుప స్తంభం ఉంది. ఏడు మీటర్లకు పైగా ఎత్తున్న గుప్తుల కాలపు ఇనుము, పదహారు వందల ఏళ్లుగా వానలో తడుస్తున్నా తుప్పుకు లొంగలేదు. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటంతో పైన పలుచని రక్షణ పొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. పూర్వం దానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చుట్టి కలపగలిగితే కోరిక తీరుతుందని అందరూ ప్రయత్నించేవారు. స్తంభాన్ని కాపాడటానికి ఇప్పుడు చుట్టూ కంచె వేశారు. మా పిల్లలు ఆ కంచె ఇవతల నిలబడి గాలిలోనే చేతులు చుట్టి చూసుకున్నారు. ఈ కథ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ ఆ ఐదు నిమిషాలు కార్యక్రమంలో ఉండాలి.

ఉదయం ఒక చోటు చూశాక మధ్యాహ్నం గదికి వచ్చి పిల్లలు పడుకోవాలి. ఇది విలాసమని కొందరు అంటారు. రెండు గంటలు నిద్రపోయిన పిల్లవాడు సాయంత్రం ఐదుకు ఇండియా గేటు దగ్గర పచ్చికలో పరుగెత్తుతాడు, పడుకోనివాడు అదే పచ్చికలో నేల మీద పడి ఏడుస్తాడు. రెండూ నేను కళ్లారా చూశాను. ఇండియా గేటు గోడల మీద 13 వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయని చెబితే, మా అమ్మాయి మన పేర్లలాంటివి ఉన్నాయేమోనని చీకటి పడేదాకా వెతికింది. హుమాయూన్ సమాధి పక్కనే సుందర్ నర్సరీ ఉంది. 2018లో తెరిచిన తొంభై ఎకరాల ఉద్యానం అది. సమాధి చూసిన పిల్లలకు ఆ తోట ఒక బహుమతి లాంటిది. జంతర్ మంతర్ అనే పాత ఖగోళ పరిశీలనశాలలో రాజా సవాయ్ జైసింగ్ 1724లో కట్టించిన పెద్ద నీడ గడియారం దగ్గర అరగంట కూర్చుంటే నీడ జరగడం కళ్లకు తెలుస్తుంది. మేము ఒక గులకరాయి పెట్టి చూశాం.

బస్సు మానేసి మెట్రో ఎక్కించడం మీకు కష్టంగా తోచవచ్చు. అయినా ఈ మాట వినండి. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబర్‌లో మొదలైంది, ఈనాడు మీరు చూపించే ప్రదేశాల్లో చాలావాటి దగ్గరకు అది వెళ్తుంది. ఎర్రకోటకు లాల్ ఖిలా స్టేషన్, జామా మసీదుకు, అక్షరధామ్‌కు అవే పేర్లతో స్టేషన్లు ఉన్నాయి. మూడడుగుల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. రైలు వెళ్లే వైపు మొదటి పెట్టె ఆడవారికి కేటాయించారు, మా అత్తగారికి అది ఎంతో నిశ్చింతనిచ్చింది. మెజెంటా లైనులో డ్రైవరు లేకుండా నడిచే రైళ్లున్నాయి, 2020 డిసెంబర్‌లో దేశంలోనే మొదటిగా వచ్చాయి. లోటస్ టెంపుల్‌కు ఆ లైనులోనే వెళ్లవచ్చు. మా అబ్బాయికి గుడి కంటే ఆ ప్రయాణమే ఎక్కువ గుర్తుంది, అందులో తప్పేముంది? కొన్ని జాగ్రత్తలు కావాలి. కుతుబ్ మీనార్ స్టేషన్ పేరు చూసి దిగగానే మీనార్ ఎదురవుతుందనుకోకూడదు, అక్కడి నుంచి ఆటో ఎక్కాలి. ఆఫీసులకు వెళ్లే వేళ, తిరిగొచ్చే వేళ రాజీవ్ చౌక్‌లో పిల్లలతో రైలు మారకూడదు. బస మాత్రం స్టేషన్‌కు నడిచి చేరే దూరంలో ఉండాలి. కరోల్ బాగ్‌లో అలాంటి గదులు దొరుకుతాయి, మన యాత్రికులకు అలవాటైన పేటే అది.

అక్షరధామ్ లోపలికి ఫోన్లు, కెమెరాలు, సంచులు తీసుకెళ్లనివ్వరు. అంటే గుంపులోంచి పిల్లవాడు తప్పిపోతే, వాడి చేతి మీద రాసిన ఫోన్ నంబరు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఆ ఫోన్ క్లోక్ రూమ్‌లో ఉంటుంది. మొదటి యాత్రలో మా బస్సులోని ఒక చిన్నారి పావుగంట సేపు కనబడలేదు. ఆ తల్లి ముఖం నేను మరచిపోలేను. లోపలికి వెళ్లే ముందే ఒక గుర్తు చెప్పి, "తప్పిపోతే ఇక్కడికే వచ్చి నిలబడాలి" అని పిల్లలకే నేరుగా చెప్పే పద్ధతిని మీ గైడ్లకు నేర్పించండి. పెద్దలకు చెబితే సరిపోదు, తప్పిపోయేది పిల్లలు కదా.

ఒకే రోజులో ఆగ్రా, మథుర, బృందావనం చుట్టి అర్ధరాత్రికి ఢిల్లీ చేర్చే పద్ధతిని పిల్లలున్న యాత్రల్లో దయచేసి మానేయండి. రానూ పోనూ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం అది. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ వంద నిమిషాల్లో ఆగ్రా చేరుస్తుంది, సాయంత్రం అదే రైల్లో వెనక్కి రావచ్చు. తాజ్ మూసి ఉండే శుక్రవారం ఆ రైలూ నడవదు. చార్జీ ఎక్కువే. కానీ పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం కాబట్టి అక్కడ మిగిలేది ఇక్కడికి కొంత ఆసరా అవుతుంది.

రైలు బెర్తుల సంగతి కూడా కరపత్రంలో తేటగా రాయాలి. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ కట్టాలి, బెర్తు వద్దంటే సగం. మీలో కొందరు ధర తక్కువ చూపించడానికి సగం చార్జీ లెక్కే వేస్తున్నారు. ఆ సంగతి మాకు రైలెక్కాకే తెలిసింది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. ఆ రాత్రంతా ఒక్క బెర్తు మీద ఇద్దరం ముడుచుకుని పడుకున్నాం. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు మాత్రమే తెరుస్తారు కాబట్టి దసరా యాత్రకు వర్షాకాలంలోనే నిర్ణయం జరిగిపోవాలి. భోజనం విషయం క్లుప్తంగా చెబుతాను: మధ్యాహ్నం మూడింటికి పెట్టే విందు కంటే పన్నెండున్నరకు దొరికే పెరుగన్నం పిల్లలకు మేలు. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, నెయ్యి వేసిన అన్నం ముందు పెట్టగానే మా పిల్లలిద్దరూ రెండు రోజుల తర్వాత మొదటిసారి అడక్కుండానే తిన్నారు.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. వచ్చే దసరా కరపత్రాల్లో "పిల్లలున్న కుటుంబాలకు" అని ఒక వేరే యాత్ర చేర్చండి. ఐదు రోజులు, రోజుకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం విశ్రాంతి. ప్రదేశాల సంఖ్య బదులు ఒక్కో చోట ఎన్ని గంటలు ఉంటారో అచ్చు వేయండి. పదిహేను మందికి ఒక గైడు ఉండాలి, తెలుగు చక్కగా మాట్లాడగలిగి, పిల్లల ప్రశ్నలకు విసుక్కోని మనిషి అయితే ఇంకా మేలు. ధర ఎక్కువవుతుందని నాకు తెలుసు. మా బడిలోనే నలుగురు ఉపాధ్యాయుల కుటుంబాలు ఆ ధర కట్టి రావడానికి సిద్ధంగా ఉన్నాయి. కార్యక్రమం వేసేటప్పుడు ఏ గది ఎంతసేపు, ఏ కథ ఏ వయసుకు అని రాసిపెట్టడానికి నా వేసవి సెలవుల్లో కొన్ని రోజులు కేటాయిస్తాను, దానికి ప్రతిఫలం అక్కర్లేదు. జూలై దాటితే రిజర్వేషన్లకు ఆలస్యమవుతుంది కాబట్టి, ఆ లోపే మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ